ఊ కొట్టిన మనిషి

వేదిక మీద నిర్మల మొదటి మాట పూర్తిచేయగానే వెనుక బల్ల మీది నుంచి ఎవరో "ఊ" అన్నారు.

విద్యార్థులు నవ్వారు.

తేజస్వి తిరిగి చూసింది. సంతకు వచ్చిన ముసలాయన ఒకడు, బయట వాన పడుతోందని కళాశాల హాల్లోకి వచ్చి కూర్చున్నాడు. ఒళ్లో అల్లం మూట.

అరకు లోయలోని ఆ చిన్న కళాశాలలో తేజస్వి ఇంగ్లిషు అధ్యాపకురాలు. అమెరికాలోని నల్లవారి నాటకాన్ని పాఠంగా చెప్పి వదిలేయకుండా, విద్యార్థుల చేత తెలుగులో ఆడించాలని పట్టుబట్టింది. ప్రిన్సిపాల్ లక్ష్మీప్రసాద్ గారు ఒక్క అవకాశం ఇచ్చారు. ఇవాళ ఇది నిలబడితే వచ్చే ఏడూ నాటకాలు ఉంటాయి. లేకపోతే నోట్సు చెప్పి ముగించాలి.

ఆయన ముందు వరుసలోనే కూర్చున్నారు.

నాటకంలో నిర్మలది తల్లి పాత్ర. బానిసగా అమ్ముడుపోయిన తన నానమ్మ కథను ఆ తల్లి కొడుకుకు చెబుతోంది.

"ఆ ఓడలోనే మా నానమ్మ పేరు పోయింది, అయ్యా."

"ఊ."

"తాతకీ ఏసం ఇచ్చీసినారేటి మేడం?" అన్నారెవరో. ఈసారి నవ్వు పెద్దదైంది.

తేజస్వి వెనక్కి వెళ్లి, పెదవుల మీద వేలు పెట్టి, నాటకం మధ్యలో మాట్లాడకూడదని మెల్లగా చెప్పింది. ముసలాయన ఆ వేలినే చూసి, అరచేత్తో నోరు మూసుకున్నాడు.

నిర్మల తర్వాతి మాట చెప్పింది. హాలు నిశ్శబ్దంగా ఉంది. మరొకటి చెప్పింది. గొంతు సన్నబడింది. కొడుకు పాత్రలో ఉన్న ఫల్గుణ మాట అందించినా అందుకోలేక ఆగిపోయింది.

తేజస్వి ఏమైందని అడిగింది.

"ఎవులూ ఊ కొట్టకపోతే కత ఎలా సెప్తాం మేడం? మా ఊర్లో అలా సెప్పరు."

తేజస్వికి తన పాఠమే గుర్తొచ్చింది. ఆ నాటకాలలో ప్రేక్షకులు బదులు పలుకుతారని, ఆ పలుకు కూడా నాటకంలో భాగమేనని తరగతిలో చెప్పింది తానే. చెప్పడానికీ నమ్మడానికీ మధ్య ఇంత దూరం ఉంటుందని ఆమె అనుకోలేదు.

వెళ్లి ముసలాయన పక్కన కూర్చుంది.

"ఊ," అంది, కాస్త సిగ్గుపడుతూ.

ఆయన నోటి మీది చేయి తీశాడు. "ఊ."

నిర్మల మళ్లీ మొదలుపెట్టింది. ఒక్కో బల్ల నుంచి ఒక్కో గొంతు కలిసింది. నానమ్మ పేరు మనవరాలికి దొరికే చోట ముందు వరుస నుంచి ప్రిన్సిపాల్ గారి గొంతూ వినిపించింది. వచ్చే ఏడు రెండు నాటకాలు వేయించమని ఆయన అక్కడే చెప్పారు.

ఆ సందడి తగ్గాక తేజస్వి వెనక్కి చూసింది. వాన వెలిసింది. బల్ల ఖాళీగా ఉంది.

ఆమె వాకిట్లోకి వచ్చేసరికి ఫల్గుణ ఎదురయ్యాడు. ముసలాయన ఒడిశా వెళ్లే జీపు ఎక్కేశాడని చెప్పాడు.

"ఎక్కడి వాళ్ల బాధో ఆయనకు అంత బాగా ఎలా అర్థమైందో అడగాలనుకున్నాను," అంది తేజస్వి.

"మూట జీపులోకి ఎత్తినప్పుడు మా బాసలో నేనడిగాను మేడం," అన్నాడు ఫల్గుణ. "ఆ తాతకి తెలుగు ఒక్క ముక్క రాదు, సెప్తన్న గుంట ఒక్కర్తే అయిపోద్దని ఊ కొట్టాడంట."