ఒక్కటి చాలదు

కొరియాలోని యోసు తీరం దగ్గర చేపల పడవ మునిగింది. శవం ఏ ఒడ్డుకు కొట్టుకొస్తుందో సముద్ర శాస్త్రంలో డాక్టరేటు చేస్తున్న దాసోమ్ లెక్క కట్టింది. సరిగ్గా అక్కడే దొరికింది.

ఆమె గైడు ప్రొఫెసర్ బాంగ్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. సోజు సారా పోసి గ్లాసు ఎత్తాడు. "ఇక నీ డాక్టరేటుకి ఢోకా లేదమ్మాయ్! ఏదీ, తాకించు!"

"చావు భోజనంలో గ్లాసులు తాకించకూడదు సార్."

ఆయన నాలిక్కరుచుకున్నాడు. నల్ల రిబ్బను కట్టిన ఫొటోకు వంగి దండం పెట్టాడు. "మీ నాన్న పోతూ పోతూ నీకెంత మేలు చేశాడమ్మా! అయినా ఒక్క శవం చాలదే. రెండోది కావాలంటారు పరిశోధన పత్రికవాళ్లు."

దాసోమ్ ఆయన గ్లాసు మర్యాదగా రెండు చేతులతో నింపింది.

"పడవలో మా తమ్ముడూ ఉన్నాడు కదండీ. ఎల్లుండి పోటుకి ఒడ్డుకొస్తాడు."