ఉత్త నీళ్ల పరీక్ష

వంటగది మిషన్ మూడు మందులూ కలిపి చేసిచ్చిన మాత్రను వీరభద్రం నోట్లో వేసుకోబోతుంటే హైమవతి చెయ్యి పట్టుకుంది.

"మాత్ర సరిగ్గా ఉందని పచ్చదీపం వెలిగిందిగా! తెరమీద గీతలో మూడు మందులకీ మూడు గుట్టలు లేచాయి. ఇంకేంటే నీ అనుమానం?"

"రెండు మెట్లెక్కితే రొప్పుతున్నారు. నేను పనిచేసిన ల్యాబులో, మందును పరీక్షించే ముందు ఉత్త నీళ్లు పెట్టి చూసేవాళ్లమండీ. ఇంట్లో ఆ దీపాన్ని నమ్మి నేనే మానేశాను."

మిషన్ మాత్రను పరీక్షించే గొట్టంలో నీళ్లచుక్క వదిలింది. ఉత్త నీళ్లకు గీత తిన్నగా సాగాలి. కానీ గుండె మందు చోట గుట్ట లేచింది. గొట్టంలో పేరుకున్న పాత మందే ఇన్నాళ్లూ కనిపిస్తోందన్నమాట! మిషన్ మూత తీసింది. గుండె మందు డబ్బా ఎండిపోయి ఉంది.

"ఎన్నాళ్లయిందే?" అతను మాత్రను బల్లమీద పెట్టేశాడు.

హైమవతి తలెత్తి చూసింది. కిటికీ అవతల, ఎదురు అపార్టుమెంటు వంటగదుల్లో ఒక్కొక్కటిగా ఇలాంటి మిషన్ల పచ్చదీపాలు వెలుగుతున్నాయి.