తడిసిన ఈకలు

కోళ్ల ఒంటినిండా గోమార్లు. ఆ పురుగుల పని పట్టాలని మహిపాల్ కోడి తర్వాత కోడిని మందునీళ్ల బకెట్లో ముంచి తీస్తున్నాడు.

మస్కట్ నుంచి వచ్చి వారమే అయింది. భార్య లత పిల్లలను తీసుకొని కోరుట్లలో తల్లిగారింటికి పోయింది. ఆమె వచ్చేసరికి ముప్పై కోళ్లనూ శుభ్రంగా చూపించాలని ఆయన పట్టుదల. మందు సిరిసిల్లలో కొన్నాడు, కలిపే తీరు ఫోన్లో చూశాడు.

మబ్బు పట్టిన సాయంత్రం. వీర్నపల్లి మీదికి చలి అప్పుడే దిగుతోంది.

"ఇంట్ల ఆడోళ్లు లేరా కొడుకా?"

వాకిట్లో ఒక ముసలమ్మ. మాసిన చీర, చేతిలో సంచి.

అడుక్కునేవాళ్లు అడిగే మాటే అది.

"లేరవ్వా, ముందుకు పో."

ఆమె పోలేదు.

"గీ చలిల తడుపుతున్నవేంది? సస్తయి."

"ఒంటినిండ ఈకలున్నయి గదా. వాటికేం చలి?"

"పొడిగ ఉంటెనే అవి దుప్పటి. ఈకల సందుల గాలి నిలిచి వెచ్చగుంటది. తడిసి ఒంటికి అతుక్కుంటె ఆ వెచ్చదనం ఏడుంటది? ఆపు కొడుకా. తడిసినవాటిని తుడిచి నిప్పులు పెట్టు. గోమార్లకు బూడిద సాలు."

మహిపాల్‌కు ఒళ్లు మండింది. పదేళ్లు పరాయి దేశంలో అందరి మాటలూ పడి వచ్చాడు. సొంత వాకిట్లో కూడా పడాలా?

వణుకుతున్న ఒక పెట్టను ఆమె కాళ్ల దగ్గరికి విసిరాడు.

"నీ బాధ గిదే గదా? తీస్కపో. కోసుకొని తిను."

ముసలమ్మ ముఖం చిన్నబోయింది. కోడిని ఎత్తి కొంగుతో తుడిచింది. అరుగు మీద పెట్టి, వచ్చిన దారినే పోయింది.

మహిపాల్ పంతానికి మిగతావాటినీ ముంచాడు.

పొద్దున గూడు తలుపు తీస్తే సగానికి పైగా బిగుసుకుపోయి ఉన్నాయి. ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఒక ముసలమ్మ మాట వింటే తన సొమ్మేం పోయేది?

పది గంటల బస్సుకు లత వచ్చింది. కోళ్లను చూసి చేతిలో సంచి అక్కడే పడేసి గూడు దగ్గరికి ఉరికింది.

"నిన్న పక్కూరి చంద్రవ్వ రాలేదా? నువ్వచ్చినవంటె, సూసిపోతనన్నది. ఆమె ఉంటె గిట్ల కానిచ్చేదా?"

"ఎవలామె?" అన్నాడు మహిపాల్. తల ఎత్తలేదు.

"నీ పని పోయి, ఏడాది పైసలు పంపలేదు సూడు. అప్పుడు నాతోని కూలికొచ్చేది. తనకున్నయే రెండు పెట్టలు. ఆ రెండూ తెచ్చి నా ఒళ్లె పెట్టి, 'మీ ఆయన వచ్చేదాంక పిల్లలకు గుడ్లన్న పెట్టు' అన్నది. గీ కోళ్లన్నీ వాటి సంతానమే."