సూర్యద్వారంలో కాన్పు

"వెనక్కి తియ్యరా నెల్లో!"

"రావట్లేదమ్మా!"

"అయితే ముందుకు పోనీ!"

"అదీ పోవట్లేదు!"

అది 1957 నవంబరు, పొద్దున్నే. రోకల్వెంటో అనే కొండకోట ఊరి సూర్యద్వారంలో, రెండు రాతిస్తంభాల మధ్య ఆసుపత్రి బండి సీసాలో బిరడాలా బిగుసుకుపోయింది. డ్రైవర్ నెల్లో కంగారులో వంకరగా దూర్చాడు. లోపల ఇర్మా పురిటినొప్పులతో మంచం కమ్మీ పట్టుకుని అరుస్తోంది. పక్కన మంత్రసాని జెలింద. ఆసుపత్రేమో కొండ కింద దిగువూళ్లో ఉంది. బిడ్డ అందాకా ఆగేలా లేదు.

"ఇక్కడే కానిచ్చేద్దాం," అంది జెలింద చొక్కా చేతులు మడుచుకుంటూ.

ఆ మాట ఎలా పాకిందో, మునిసిపాలిటీ గుమాస్తా ఔరేలియో జననాల రిజిస్టరు చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. పదకొండేళ్లుగా కొండమీది ఆడవాళ్లంతా కింద ఆసుపత్రిలోనే కంటున్నారు. పుట్టిన చోటే పేరు ఎక్కుతుంది. అందుకే అప్పట్నుంచీ రోకల్వెంటో రిజిస్టరులో ఒక్క పేరూ ఎక్కలేదు. పేరు పుట్టని ఊరు చచ్చిన ఊరేనని దిగువూరి వాళ్ల ఎగతాళి.

వాళ్ల గుమాస్తా గాస్తోనె, ఏదో పనిమీద కొండెక్కి వస్తున్నవాడు, ద్వారం అవతల నిలబడి పళ్లికిలించాడు.

"బండి మూతి మా గడ్డమీదుంది బాబాయ్!"

"మంచం మా గడ్డమీదుందిరా! ద్వారం నడిమి రాయి హద్దు. దానికి లోపలంతా మాదే."

"అయితే బిడ్డ తల ఎటుంటే అటు!"

"ముందు మీ ఇద్దరి తలలూ అటు తిప్పుకోండి!" బండిలోంచి కసిరింది జెలింద.

కసిరిందే గానీ, ఆమెకీ ఆశగానే ఉంది. ఈ గోడల మధ్య ఒక బిడ్డను చేతుల్లోకి తీసుకుని ఎన్నాళ్లయిందో!

బండి కదిలితే ఆసుపత్రికి చేర్చొచ్చని ఇరుగుపొరుగు ఆడవాళ్లు కొత్తగా ఆడించిన ఆలివ్ నూనె జాడీలతో తెచ్చి స్తంభాలకీ బండికీ ధారగా పోశారు. మగవాళ్లు వెనక నుంచి భుజాలు ఆనించారు.

"కాస్తాగండ్రా! తల కనిపిస్తోంది!"

జెలింద కేక ఎవరికీ వినపడలేదు. బండి సర్రున జారింది. హద్దురాయి దాటి రెండు గజాలు బయటికి పోయి ఆగింది. ఆగీ ఆగగానే బిడ్డ జెలింద చేతుల్లో పడింది.

ఏడుపు లేదు.

బయట గాస్తోనె టోపీ తీసి గుండెకు హత్తుకున్నాడు. జెలింద బిడ్డను బోర్లించి వీపు రుద్దింది, అరికాళ్లు తట్టింది, మళ్లీ రుద్దింది. ఉన్నట్టుండి కోట గోడలు మారుమోగేలా కెవ్వుమంది పసిది.

"ఆడపిల్ల!"

అందరూ ఒకరినొకరు కావలించుకున్నారు. గాస్తోనె మెల్లిగా, "తప్పదు బాబాయ్, మా గడ్డే," అన్నాడు.

ఔరేలియో రిజిస్టరు మూసి కళ్లు తుడుచుకున్నాడు. "పోనీలేరా. పిల్ల బతికింది, అదే పదివేలు."

బొడ్డు కోసి, పాపను తల్లి రొమ్ముమీద పడుకోబెట్టి, జెలింద ఇర్మా పొట్టమీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. మళ్లీ తడిమి చూసింది. తర్వాత తలుపులోంచి సగం బయటికి వంగి గొంతు చించుకుంది.

"నూనె ఇంకా పోయండ్రా, బండిని వెనక్కి లాగండి! ఔరేలియో, రిజిస్టరు తెరువు! ఇంకొకటి వస్తోంది!"