పలచటి పిక్

పాట సగంలో ఉండగా, గుమ్మం దగ్గర నిలబడ్డ పెద్దాయన చెయ్యెత్తి ఆపమన్నాడు.

తీగలు మీటే పిక్ పట్టుకున్న కళ్యాణి వేళ్ళు గిటారు మీదే ఆగిపోయాయి.

ఖరిదా బజారులో ఈశ్వరరావు బట్టల కొట్టు ఉంది. దాని మేడ మీదే ఆయన ఆర్కెస్ట్రా రిహార్సల్. దుర్గాపూజ ప్రోగ్రాముకి ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.

వచ్చినాయన్ని కళ్యాణి ఎన్నడూ చూడలేదు. అరవై దాటిన మనిషి, చేతిలో చిన్న రేకు డబ్బా. రైల్వే వర్క్‌షాపులో రిటైరైన సిరిల్ అనీ, గిటారు వాయిస్తాడనీ, ఈశ్వరరావు గారే పిలిపించారనీ కీబోర్డు వాయించే బుజ్జిబాబు పక్కనుంచి గొణిగాడు.

సిరిల్ నేరుగా ఆమె దగ్గరకే వచ్చాడు.

"ఆ పిక్ ఓపాలి ఇయ్యమ్మా."

ఇచ్చేదాకా చాచిన చెయ్యి తియ్యలేదు. తీసుకుని రెండు వేళ్ళ మధ్య నొక్కితే పిక్ కాగితంలా వంగింది.

"ఇది తీగని కొట్టడం నేదు. తీగే దీన్ని కొడతంది."

బుజ్జిబాబు పకాలున నవ్వాడు.

ఆ నవ్వు ఆమెకి కొత్త కాదు. ఆర్కెస్ట్రాలో ఆడమనిషి తనొక్కతే. నిమ్‌పురా షెడ్‌లో పగలంతా రైలింజన్ల బోల్టులు బిగించి వచ్చే మనిషిని పట్టుకుని, చేతిలో బలం లేదంటారు. లీడ్ గిటారు వినపడటం లేదంటారు. సౌండ్ పెంచితే పాట పెరగదు, తీగ మీద టిక్కుటిక్కుమనే చప్పుడు పెరుగుతుంది. ఇప్పుడు అదే మాట చెప్పడానికి ఇంకో మగవాడు దిగాడు.

సిరిల్ డబ్బాలోంచి నాలుగు పిక్కులు తీసి స్పీకరు మీద పరిచాడు. పలచటి నైలాన్‌ది వంగుతుంది కాబట్టి అన్ని తీగలూ ఒక్కసారి మీటడానికి బాగుంటుందట. ఒక్కో స్వరమూ విడిగా పలికించాలంటే మాత్రం జారిపోతుందట. మొన సూదిగా ఉంటే స్వరం గీరినట్టు వస్తుందనీ, గుండ్రంగా ఉంటే నిండుగా వస్తుందనీ చెప్పి, నల్లగా ఉన్నదాన్ని ముందుకు తోశాడు. గేదె కొమ్ముని తనే అరగదీసి చేసుకున్నాడట. రూపాయి బిళ్ళంత మందం ఉంది.

"వాయించి సూడు."

"నాను అడిగినానా?" అంది కళ్యాణి.

ఆయన పిక్కులు ఏరుకుని మెట్లు దిగిపోయాడు.

ఎందుకొచ్చాడో ఆమెకి అర్థమైంది. పది రోజులుగా ఈశ్వరరావు ముఖం చాటేస్తున్నాడు. తన చోటికి ఎవరినో చూస్తున్నాడని అనుకుంటూనే ఉంది. ఆ ఎవరో ఈయనే.

రెండు రోజులు పోయాక సిరిల్ షెడ్ గేటు దగ్గర ఎదురుపడ్డాడు.

"కోపం సేసుకోకమ్మా. ఒక్క పాట దీంతో వాయించు."

"నా సీటు గావాలంటే ఈశ్వరరావు గారిని అడుక్కోండి. నా ఎనకాల తిరగకండి."

"సీటు కోసం రానేదమ్మా."

"మరేటి కోసం?"

సిరిల్ కొమ్ము పిక్‌ని ఆమె అరచేతిలో పెట్టబోయాడు. కళ్యాణి చెయ్యి విదిలించింది. పిక్ సిమెంటు మీద పడింది. బరువైన షెడ్ బూటు దాని మీద పెట్టి ఒక్క నొక్కు నొక్కింది.

పుటుక్కున విరిగింది.

షిఫ్టు దిగి వస్తున్నవాళ్ళు నిలబడి చూశారు. ఇంకోసారి కనిపిస్తే పోలీసులకి చెప్తానని అందరూ వినేలాగే అంది.

సిరిల్ వంగి రెండు ముక్కలూ ఏరి జేబులో వేసుకున్నాడు. సైకిలు ఎక్కకుండా తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

అష్టమి సాయంత్రం సుభాష్‌పల్లి పూజ పందిట్లో ఆమె తన పాత పిక్‌తోనే వాయించింది. నెమ్మదిగా సాగే పాటలో గిటారు ఒక్కటే వినిపించాల్సిన చోట స్వరాలు పొడిగా చిటపటలాడాయి. ముందు కుర్చీలవాళ్ళు కబుర్లలో పడ్డారు. బుజ్జిబాబు కీబోర్డుతో ఆమె వాయింపుని కప్పేశాడు. స్టేజీ దిగి వస్తున్నప్పుడు ఈశ్వరరావు ఆమె వైపు చూడలేదు.

దసరా వెళ్ళిన మూడో రోజు, ఎవరికీ చెప్పకుండా బజారుకి వెళ్ళి మందంగా, గుండ్రటి మొనతో ఉన్న పిక్ ఒకటి కొనుక్కుంది. సిరిల్ మాట తప్పని నిరూపించాలనే ఇంటికొచ్చి గిటారు ఒళ్ళో పెట్టుకుంది.

మొదటి దెబ్బకే తీగ నిండుగా పలికింది. టిక్కుమనలేదు. ఒక స్వరం ఆరకముందే ఇంకో స్వరం దాన్ని అందుకుంది. చెయ్యి అదే, గిటారు అదే.

కళ్యాణికి సంతోషం కలగలేదు. గిటారు పక్కన పెట్టి లేచింది.

అప్పటికప్పుడు ఖరిదా వెళ్ళి, సిరిల్ గారి ఇల్లెక్కడని ఈశ్వరరావుని అడిగింది. తప్పు తనదేనని ఒక్క మాట చెప్పి వచ్చేయాలనుకుంది.

ఈశ్వరరావు చీర మడతపెడుతూ తలెత్తలేదు. "నిన్ననే క్వార్టరు ఖాళీ సేసి సొంతూరు బొబ్బిలి ఎలిపోనాడు. ఈడ నలభయ్యేళ్ళు ఉన్నాడమ్మా. ఇంక రాడు."

"ఆయన్ని నా సీటుకే కదా పిలిసినారు?"

"పిలిసినాను. నీ సెయ్యి సాలదనుకున్నాను. ఇదే ఆఖరి పూజ, ఒక్కపాలి స్టేజీ ఎక్కి ఎలిపోతానని ఆయనా సంబరపడినాడు."

"మరి ఎక్కనేదేటి?"

ఈశ్వరరావు చీర పక్కన పెట్టాడు.

"నీకు సెప్పొద్దన్నాడు. నీ వాయింపు ఇన్న రోజే నా దగ్గరకొచ్చి, 'ఆ పిల్ల సెయ్యి నా సెయ్యి కన్నా గట్టిది బాబూ, తప్పు పిక్‌ది, నా కోసం ఆమెని దించీకు' అనీసినాడు."