పదకొండువేల అడుగులు

"అబద్ధం సార్! మా నాయన కుర్చీ దిగితే ఒట్టు" అంది కోకిల.

ఎముకల డాక్టరు మురళీధరన్ తలెత్తలేదు. కోకిల ఫోన్లో పచ్చయ్యప్ప వాచీ లెక్కలు చూస్తున్నాడు. పచ్చయ్యప్పకు తుంటి విరిగి, ప్లేటు వేసి మూడు నెలలైంది. రోజుకు రెండువేల అడుగులు నడవాలని డాక్టరే చెప్పాడు. నడుస్తాడన్న నమ్మకం లేక, అడుగులు లెక్కపెట్టే వాచీ కొని తండ్రి చేతికి కట్టింది కోకిల.

"నిన్న పదకొండువేల నాలుగొందలమ్మా! పైగా తొమ్మిదిసార్లు మేడెక్కి దిగినాడు మీ నాయన. నేనే మూడువేలు దాటను."

పచ్చయ్యప్ప మీసం దువ్వుకున్నాడు. "నలభై ఏండ్లు మగ్గం తొక్కిన కాళ్ళు డాక్టరయ్యా!"

"యాడ నడిచినావు నాయనా? నేను ఏడు గంటల రైలుకు తిరువళ్ళూరు ఆఫీసుకు పోయేటప్పుడు టీవీ ముందర ఉంటావు. సాయంత్రం తిరుత్తణిలో దిగి ఇంటికొచ్చినా టీవీ ముందరే."

"మధ్యలో నువ్వు చూసినావా?"

"మేడమీద ఏం పని నీకు?"

"గాలికి పోయినా."

"తొమ్మిది మార్లా?"

"గాలి తొమ్మిది మార్లు వీచింది. నన్నేం చేయమంటావు?"

కోకిల తల్లివైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పమ్మా."

ఎక్స్‌రే సంచీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ తిరుమలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీ నాయనా బిడ్డల మధ్యకి నన్నెందుకు లాగుతావులే."

"ఇంత నడిచే మనిషికి ఇంకా ఈ వాకరెందుకు పెద్దాయనా?" అన్నాడు డాక్టరు.

"కొండమీద మురుగనుకు నెమలుంది, నాకిది ఉండాది. అలవాటు పడిపోయింది పాపం. ఇంట్లో వదిలేసి వస్తే బెంగ పెట్టుకుంటాది."

డాక్టరు పకపకా నవ్వాడు. నవ్వుతూనే ఫోన్లో ఇంకో పేజీ తీశాడు. నవ్వు ఆగిపోయింది.

"మెట్లెక్కేటప్పుడు గుండె నూట అరవై దాటతా ఉంది. ఈ వారంలోనే నాలుగుసార్లు లయ తప్పిందని చూపిస్తా ఉంది. ఆయాసం వస్తా ఉందా? కళ్ళు తిరుగుతా ఉన్నాయా?"

"నాకా? లేదే..." పచ్చయ్యప్ప చెయ్యి మీసం మీదే నిలిచిపోయింది.

కోకిల తండ్రి పక్కకు జరిగి భుజం పట్టుకుంది. ఇంతసేపూ తండ్రిని దొంగని చేసింది. నిజంగానే నడిచాడేమో, తన సాధింపు పడలేక గుండె అరగదీసుకున్నాడేమో!

పక్క గదిలో పడుకోబెట్టి ఈసీజీ తీశారు. డాక్టరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి రెండుసార్లు చూశాడు.

"ఇరవై ఏండ్ల పిల్లోడి గుండె మాదిరి ఉంది. ఏ తప్పూ లేదు. ఆ వాచీనే చెడిపోయిందేమో. ఇంటికి తీసుకుపోమ్మా."

"పాడు వాచీ, ప్రాణం తీసింది" అంటూ కోకిల ఊపిరి పీల్చుకుంది. తిరుమలమ్మ వాకరు తెచ్చి మంచం పక్కన పెట్టింది. "లెయ్యయ్యా, పోదాం. పొయ్యి మీద పప్పు అట్లనే వదిలేసి వచ్చినా."

పచ్చయ్యప్ప లేచాడు. వాకరు ముట్టుకోలేదు. మంచం పట్టుకుని కుంటుతూ రెండడుగులు వేసి భార్య మణికట్టు పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోబోయింది. వదల్లేదు.

"వాచీ బాగానే ఉండాది డాక్టరయ్యా" అన్నాడు, కూతురి ముఖం చూడకుండా. "కోకిల రైలుకు పోతానే దాన్ని దినమూ ఈమె చేతికే కడతా ఉన్నా. ఈమెను పండబెట్టి చూడండి."