ప్రోఖర్ ఇంటి నల్లపొగ

మళ్ళీ మసి పడింది.

అగ్నియా తీగ మీద ఆరేసిన దుప్పటి గడ్డకట్టి రేకులా నిలబడి ఉంది. దాని నిండా నల్లటి మచ్చలు. వీధి చివర ప్రోఖర్ ఇంటి పొగగొట్టం నల్లపొగ కక్కుతోంది. పాత రైలు పట్టాల కింద ఉండే తారు దుంగల్ని కోసి పొయ్యిలో పెడతాడు ఆ మహానుభావుడు. ఆ కంపు ముక్కులోంచి గొంతులోకి దిగుతుంది.

"ఏవయ్యా! చుట్టూ అడివి పెట్టుకుని ఆ దరిద్రపు దుంగలే దొరికాయా నీకు?" ప్రోఖర్ గేటు దగ్గరికి వెళ్ళి మరీ అరిచింది.

"తారు దుంగ నిదానంగా కాలుతుంది వదినా. అడివికెళ్ళి చెట్లు కొట్టే వయసా నాది?"

తాపీగా అన్నాడు. అని, గొంతు సవరించుకుని మంచు మీద ఉమ్మేశాడు. పచ్చగా.

అగ్నియా మొహం పక్కకి తిప్పుకుంది. చచ్చిపోయిన మొగుడు ఈ మనిషితో కలిసి ఒకే రంపం దగ్గర పాతికేళ్ళు ఎలా పనిచేశాడో ఆమెకి ఇప్పటికీ అర్థం కాదు.

ఉస్త్-కెజ్మా ఒకప్పుడు మామూలు ఊరు కాదు. నది సముద్రంలో కలిసేచోట రంపపు మిల్లు, కలపకోసం వచ్చే విదేశీ ఓడలు, నాలుగు వేల జనం. రొట్టెల కొట్టు ముందు తోపులాట, క్లబ్బులో అకార్డియన్, డాన్సులు, డాన్సుల తర్వాత తన్నులాటలు. మిల్లు మూతపడ్డాక జనం పల్చబడ్డారు.

అయినా ఊరి కట్టుబాట్లు పోలేదు. నది మంచులో తవ్విన నీళ్ళ గుంట అందరిదీ. శనివారం ఆవిరి స్నానాల గదిలో ముందు ఆడవాళ్ళు, తర్వాత మగవాళ్ళు. పొద్దున లేవగానే ఊళ్ళో పొగగొట్టాలన్నీ ఓసారి చూడాలి. ఏ ఇంటి పొగ లేవకపోతే ఆ ఇంటి తలుపు కొట్టాలి. అక్కడి చలికాలాల్లో మనుషులు అలాగే బతికి బట్టకట్టారు.

కిందటేడు అగ్నియా జ్వరంతో నేల మీద పడిపోతే, పొగ లేవలేదని తలుపు పగలగొట్టుకుని వచ్చింది ప్రోఖరే. పొయ్యి వెలిగించాడు, చారు కాచి తాగించాడు. ఆమెకి గుర్తున్నది మాత్రం అతని కోటుకున్న చేప కంపు.

ఆ చేప సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. పొయ్యి పక్కన పీపా నిండా ఉప్పు చేప. అది మెత్తబడి, కుళ్ళి, ఈగ కూడా వాలనంత కంపు కొట్టేదాకా ఆగి, అప్పుడు ఉడికిన బంగాళాదుంపతో తింటాడు. తిని వేళ్ళు నాకుతాడు. చేపల పేగులు కడిగేది తాగే నీళ్ళ గుంటలోనే. స్నానాల గదిలో అతను వాడిన తొట్టెకి పొలుసులు అంటుకుని ఉంటాయి. ఊళ్ళో అతని పేరు చెబితే ముక్కు మూసుకోని ఆడది లేదు.

గురువారం హెలికాప్టర్ దిగింది. జిల్లా ఆఫీసు నుంచి సవ్వా అనే కుర్ర అధికారి వచ్చాడు.

"వృద్ధాశ్రమంలో ఒక గది ఖాళీ అయిందమ్మా. కుళాయి తిప్పితే వేడినీళ్ళు. ఈ ఊరికే ఇమ్మన్నారు. మీరొస్తారా?"

"నేనెందుకొస్తాను? నా మొగుడి సమాధి ఇక్కడుంది. అదుగో, వాణ్ణి తీసుకుపో. పుణ్యముంటుంది."

ప్రోఖర్ అప్పటికే వచ్చి, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు ఆమె గుమ్మంలోనే ఊస్తున్నాడు.

"నేనెక్కడికీ పోను. పొద్దున్నే వదిన ఇంటి పొగ చూస్తేగానీ నాకు టీ దిగదు."

"నీ పొగ చూస్తే నాకు తిన్నది బయటికొస్తుంది!"

ప్రోఖర్ నవ్వాడు. "అది నీ మాట. ఊరు పొమ్మంటే అప్పుడు చూద్దాం."

"ఊరి మాటే చెబుతున్నా! పో. పీడ విరగడవుతుంది."

ప్రోఖర్ నమలడం ఆపాడు. ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"సరే. ఊరి మాట కాదంటానా?" అన్నాడు.

"బాగా ఆలోచించారా అమ్మా?" అని సవ్వా ఆమెనే అడిగాడు.

"ఆలోచించడానికేముంది? త్వరగా ఎక్కించు."

ప్రోఖర్ టోపీ పెట్టుకుని, చిన్న మూట పట్టుకుని వచ్చాడు. హెలికాప్టర్ ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు.

"పీపాలో చేప ఇంకో వారానికి పదునుకొస్తుంది వదినా. పారెయ్యకు."

"థూ!" అంది అగ్నియా.

హెలికాప్టర్ అటు ఎగరగానే, ఇటు ఆమె మూతికి గుడ్డ కట్టుకుని పీపాని దొర్లించుకుపోయి, నీళ్ళ గుంటకి దూరంగా నది మంచు మీద కుమ్మరించింది. స్నానాల గది తొట్టెల్ని ఇసుకతో తోమింది. పొలుసు అంటుకున్న చోటల్లా గోటితో గీకింది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిని పడుకుంది.

పొద్దున ఆకాశం తేటగా ఉంది. దుప్పటి ఆరేసింది. ఒక్క మచ్చ లేదు. గాలి పీల్చింది. కంపు లేదు. హమ్మయ్య అనుకుంది.

అలవాటుగా తలెత్తి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఇళ్ళ కప్పులన్నీ చూసుకుంటూ వచ్చింది.

ఊరు మొత్తంలో లేస్తున్న పొగ ఒక్కటే, అది ఆమె ఇంటిదే.